సెక్రటరీగారు లోపలే ఉన్నారు

అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోవడమంత అదృష్టం మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. ఎనిమిదో అంతస్తులో కాపురం చేస్తూ, పైగా ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీగా ఉంటూ, బాగా ఆలోచించి చెబుతున్న మాట. సెక్రటరీ ఎలా అయ్యానంటారా? ఎన్నికల మీటింగు రోజున నాకు జలుబు చేసి వెళ్ళలేదు. రానివాడు కాదనలేడు కదా! ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

ముందు అపార్ట్‌మెంట్ సుఖాలు కొన్ని మనవి చేసుకోవాలి. విడిగా ఇల్లు కట్టుకున్నవాడికి చుట్టూ ఉండేవి గోడలు. నాకు మాత్రం పైనా కిందా, అటూ ఇటూ అంతా మనుషులే! పై ఫ్లాటువారు మంచం జరిపితే నాకు మెలకువ వస్తుంది, అలారం ఖర్చు లేదు. కింది ఫ్లాటులో పాలు మాడితే మా వంటింట్లో స్టవ్ కట్టేస్తాం. పక్కవారి టీవీ గోడలోంచి ఎంత స్పష్టంగా వినిపిస్తుందంటే, మా టీవీలో అదే చానల్ పెట్టుకుని బొమ్మ మాత్రం చూస్తే చాలు. మా టీవీ స్పీకరు చెడిపోయి చాలాకాలమైంది. బాగు చేయించాల్సిన అవసరమే రాలేదు.

ఫ్లాటుతోపాటు నాకు కొంచెం నేల కూడా రాసిచ్చారు. అదెక్కడుందో ఒకసారి చూపించమని బిల్డరును అడిగాను. అది విడదీయరాని వాటా సార్, ఉంటుంది గానీ ఫలానా చోటని చూపించలేం అన్నాడు. ఆత్మ గురించి కూడా పెద్దలు సరిగ్గా ఇదే చెబుతారు! అప్పటినుంచి పార్కింగులో నడిచేటప్పుడు ఏ టైలు నాదో ఏమోనని కాస్త మెత్తగా అడుగులేస్తుంటాను.

ఇన్ని సుఖాల మధ్య కరెంటు పోవడం అనేది పాయసంలో జీడిపప్పు లాంటిది.

ఎందుకంటారా? కరెంటు పోతే మోటారు ఆడదు. మోటారు ఆడకపోతే పైట్యాంకులో నీళ్ళుండవు. నీళ్ళు లేకపోతే గిన్నెలు కడగక్కర్లేదు, బట్టలు ఉతకక్కర్లేదు, స్నానం సంగతి ఎవరూ ఎత్తరు. ఒక్క స్విచ్చుతో ఇంటెడు చాకిరీ ఆగిపోతుంది! ఫోన్లు చచ్చిపోతాయి కాబట్టి సెక్రటరీని తిట్టడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు కూడా చచ్చిపోతుంది. లిఫ్టు ఆగిపోతుంది కాబట్టి స్వయంగా వచ్చి తిట్టేవారు ఎనిమిది అంతస్తులెక్కి రావాలి. ఎక్కి వచ్చినవాడికి తిట్టే ఊపిరి ఎక్కడిది?

మరి జనరేటర్ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది, ఎందుకు లేదు! పార్కింగు మూలన నీలం రంగు రేకుల గదిలో కొత్త పెళ్ళికూతురిలా కూర్చుని ఉంటుంది. దానిలో డీజిల్ మాత్రం ఉండదు. ఎందుకుండదంటే, కింది అంతస్తువారు లిఫ్టు ఎక్కరు కాబట్టి డీజిలు ఖర్చు పంచుకోం అన్నారు. పై అంతస్తులవారు కింద తోటలో కూర్చోరు కాబట్టి తోట ఖర్చు పంచుకోం అన్నారు. దేవుడు కాళ్ళు ఎందుకిచ్చాడండీ అని అట్టడుగు అంతస్తులో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు ప్రతి మీటింగులోనూ లేచి అడిగేవారు. కూర్చోవడానికి అని పై అంతస్తువారు జవాబిచ్చేవారు.

సెక్రటరీ అన్నవాడు ఇలాంటప్పుడు ఏం చేయాలి? అదే చేశాను. ఒక సబ్‌కమిటీ వేశాను. దాని సభ్యులు ఇంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కాబట్టి వారి మధ్య చిన్న పొరపొచ్చం కూడా రాలేదు.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా మా అత్తగారు వచ్చారు.

అల్లుళ్ళ రాతల్లో అత్తగారు రాగానే పాఠకులు ఒక నవ్వు సిద్ధం చేసుకుంటారు. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఆవిడ మా మీద పెత్తనానికి రాలేదు. ఆవిడ చెల్లెలు, అంటే మా చిన్నత్తగారు, మా ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నారు. గుండెకు ఆపరేషను. మర్నాడు పొద్దున్నే. చిన్నత్తగారికి ఇంజెక్షను సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. చిన్నప్పుడు పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా అక్క చెయ్యి పట్టుకుని కూర్చునేవారట. అక్క మొహం చూడందే ఆపరేషను గదిలోకి రానని డాక్టరుతో తెగేసి చెప్పేశారు.

మా అత్తగారు సాయంత్రం రైలు దిగి, లిఫ్టులో దర్జాగా మా ఇంటికి చేరారు. ఆవిడ మోకాళ్ళు రెండూ ఎప్పుడో చేతులెత్తేశాయి. గదిలోంచి హాల్లోకి రావాలంటేనే గోడను పట్టుకుని, కుర్చీని పట్టుకుని, అల్లుడిని తప్ప అన్నిటినీ పట్టుకుని నడుస్తారు. ఇల్లు బాగుందమ్మా, గాలి బాగా వస్తోంది అని కూతురితో అన్నారు. అప్పటికి ఫ్యాను తిరుగుతోంది.

అన్నం తింటుండగా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది.

పొద్దున లేచేసరికి కూడా కరెంటు లేదు. నా ఫోను, మా ఆవిడ ఫోను రెండూ నల్లగా పడుకున్నాయి. ఇంట్లో ప్రాణంతో ఉన్నది ఒక్క అత్తగారి బొత్తాల ఫోనే. ఒకసారి చార్జింగు పెడితే వారమంతా గుర్తుపెట్టుకునే రకం. మా ఆవిడ దానితోనే టాక్సీ పిలిచింది. టాక్సీ వచ్చి కింద నిలబడింది. అత్తగారు చీర మార్చుకుని, తల దువ్వుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని మెట్లవైపు చూస్తున్నారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మా ఆవిడ నావైపు చూసింది. నేను సెక్రటరీ హోదాలో లిఫ్టు దగ్గరికి వెళ్ళి బటన్ నొక్కాను. కరెంటు లేనప్పుడు లిఫ్టు బటన్ ఎందుకు నొక్కుతారో నాకు తెలియదు. కానీ ప్రతివాడూ నొక్కుతాడు.

సరిగ్గా అప్పుడే మెట్లమీంచి డ్రిల్లు మాస్టారు ప్రత్యక్షమయ్యారు. కుళాయిలో చుక్క నీరు లేదని నన్ను నాలుగు దులిపి పోదామని కిందినుంచి ఎక్కి వచ్చారు. ఆ భవనంలో ఇన్నేళ్ళున్నా ఎనిమిదో అంతస్తు చూడడం ఆయనకు అదే మొదటిసారి. చొక్కా తడిసిపోయింది. వేలు చూపించారు గానీ మాట రాలేదు. ఆ వేలు నా మీదినుంచి జరిగి, గుమ్మంలో కూర్చున్న అత్తగారి మీద ఆగింది.

సంగతేమిటని మా ఆవిడను అడిగారు. మా ఆవిడ చెప్పింది. ఆయన కాసేపు మెట్లను చూసి, కుర్చీని చూసి, నన్ను చూశారు. నన్ను లెక్కలోంచి తీసేసి ఎదురు ఫ్లాటు తలుపు కొట్టారు.

ఆ ఫ్లాటులో ఒక హెడ్‌ఫోన్స్ ఇంజినీరు ఉంటాడు. ఇంటినుంచే ఉద్యోగం. నాలుగేళ్ళుగా ఎదురుబొదురుగా ఉన్నా, నాకు తెలిసింది అతని గుమ్మం ముందు ఆగే పార్సిళ్ళే. తలుపు తీశాడు. చెవులమీద హెడ్‌ఫోన్స్ లేకుండా చూస్తే బొత్తిగా ఎవరో అనిపించాడు. మాస్టారు రెండు ముక్కల్లో చెప్పారు. అతను చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసి కుర్చీ ముందు కాళ్ళు ఒకవైపు పట్టుకున్నాడు. రెండోవైపు మాస్టారు. వెనక మా ఆవిడా నేనూ.

లేపాం! ఎనిమిదినుంచి ఏడుకు దిగడం మొదలుపెట్టాం.

వర్ణనలకు పోను. మొదటి మలుపులోనే నా భుజంలో ఏదో టక్కుమంది. కుర్చీ నావైపు వాలింది. అత్తగారు నా చొక్కా కాలరు పట్టుకున్నారు. అటు ఆవిడ పడకుండా, ఇటు నేను ఊపిరాడకుండా ఎలాగో ఏడో అంతస్తు చేరాం. అక్కడ డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చిన నర్సమ్మ తాళం తీస్తోంది. మా ఊరేగింపు చూసి, తాళంచెవి నోట్లో కరుచుకుని, లోపలికి వెళ్ళి ఒక దుప్పటి తెచ్చి, పెద్దావిడను కుర్చీకి నడుం దగ్గర పొందికగా కట్టింది. తరవాత నన్ను మెల్లిగా పక్కకు జరిపి నా స్థానంలో నిలబడింది.

నేను మర్యాదకు వద్దు వద్దన్నాను. అత్తగారే తీర్పు చెప్పారు.

"అల్లుడుగారూ, మీరు సంచి పట్టుకోండి."

ఇరవై ఏళ్ళ అల్లుడరికంలో ఆవిడ నాకు అప్పగించిన మొదటి బాధ్యత! సంచిని రెండు చేతులా గుండెకు హత్తుకుని వెనక నడిచాను.

అంతస్తంతస్తుకీ కుర్చీ దించి ఊపిరి పీల్చుకున్నాం. ఉక్కపోతకు అందరి తలుపులూ తెరిచే ఉన్నాయి. ఆరో అంతస్తులో ఎవరో మంచినీళ్ళిచ్చారు. ఉన్న చివరి సీసా అట. అయిదో అంతస్తులో ఒక ముసలాయన విసనకర్రతో నర్సమ్మకు విసిరి, తరవాత మాస్టారికి విసిరి, నేను మొహం చాపేసరికి ఆపేశారు. అత్తగారు ప్రతి గుమ్మంలోనూ మీ పేరేమిటి, పిల్లలెంతమంది, ఆ కాలుకేమైంది అని అడుగుతూ దిగారు. ఆరేళ్ళ సెక్రటరీగిరీలో నాకు తెలియని సంగతులు ఆవిడకు మూడు అంతస్తుల్లో తెలిసిపోయాయి!

నాలుగో అంతస్తులో ఉండగా కరెంటు వచ్చింది.

లైట్లు వెలిగాయి. లిఫ్టు ఎక్కడో కింద గురగురలాడి పైకి వచ్చి, మా ముందు తలుపులు తెరుచుకుని నిలబడింది. మీరు నమ్మరు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక కుర్చీ అక్కర్లేదు, లిఫ్టులో ఎక్కుదాం అన్నాను. అత్తగారు ఎక్కనన్నారు.

"మనుషులు ఆగితే మంచినీళ్ళిస్తారు బాబూ. అది మధ్యలో ఆగితే ఏమిస్తుంది?"

సంఘం సెక్రటరీగా హామీ ఇస్తున్నానన్నాను. మాస్టారు దగ్గారు. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ అటు తిరిగింది. నాకు పౌరుషం వచ్చింది. మీరు మెట్లమీద రండి, నేను లిఫ్టులో వెళ్ళి టాక్సీ వెళ్ళిపోకుండా చూస్తాను, ఎవరు ముందు చేరతారో చూద్దాం అని సంచితో సహా లోపలికెక్కాను. తలుపులు మూసుకున్నాయి.

లిఫ్టు కొంచెం దిగింది. కరెంటు పోయింది.

త్రిశంకుడి కథ విన్నాం గానీ, పాపం ఆయనకు కనీసం గాలి ఆడేది! కటిక చీకటి. చేతిలో సంచి. తలుపుల మధ్య సందులోంచి ఒక సన్నని వెలుతురు గీత. పైన మెట్లమీద మాస్టారి గొంతు, మెల్లిగా, మెల్లిగా, ఎడమకాలు అంటూ వినిపిస్తోంది. నన్ను ఎవరూ తలచుకున్నట్టు లేదు.

అప్పుడు సంచిలో ఫోను మోగింది.

తడుముకుని తీశాను. చిన్నత్తగారు. గొంతు పీలగా ఉంది. అక్క బయలుదేరిందా అని అడిగారు. బయలుదేరారు, దిగుతున్నారన్నాను. నువ్వెక్కడున్నావు బాబూ అన్నారు. లిఫ్టులో ఉన్నానన్నాను.

"ఎక్కుతున్నావా, దిగుతున్నావా?"

"రెండూ కాదండీ."

స్ట్రెచర్ తెచ్చేశారు బాబూ, ఇంక ఆలస్యం చేస్తే ఇవాళ కుదరదంటున్నారు, నేను వెళ్ళను, ఇంటికి పోతానని చెప్పు అన్నారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశారు.

పాఠకులారా, నేను మీటింగులు వాయిదా వేసినవాడిని. డీజిలును వాయిదా వేసినవాడిని. ఒక మనిషి గుండెను వాయిదా వేయడం ఎలాగో నాకు తెలియలేదు.

లిఫ్టు తలుపు దబదబా బాదాను. మెట్లమీద అడుగులు ఆగాయి. కుర్చీ దించిన చప్పుడైంది.

"ఎవరు బాబూ లోపల?" అత్తగారి గొంతు.

నేనేనండీ అన్నాను. నేనెప్పుడో కిందికి చేరాననుకున్నారేమో, ఆవిడ నా గొంతు పోల్చుకోలేదు.

"అయ్యో. కంగారు పడకండి. ఎవరైనా వెళ్ళి ఆ సెక్రటరీని పిలవండమ్మా."

"సెక్రటరీగారు లోపలే ఉన్నారండీ," అన్నారు మాస్టారు.

నవ్వడానికి టైము లేదు. ఫోను స్పీకరు పెట్టి, తలుపుల సందుకు ఆనించి పట్టుకుని, చిన్నత్తయ్యగారు మాట్లాడతారట అని అరిచాను. కుర్చీని లిఫ్టు తలుపు దగ్గరికి లాగారు. ఆవిడ మొహం నాకు కనిపించలేదు. సందులో చీర రంగు మాత్రం ఒక గీతలా కనిపించింది.

"అక్కా," అంది ఫోను. "భయంగా ఉందే."

"నాకూ భయంగానే ఉంది చిట్టీ," అన్నారు అత్తగారు. "నలుగురు నన్ను మోసుకొస్తున్నారు. ఎవరెవరో. ఒక్కళ్ళు కూడా వదిలెయ్యలేదు. నిన్ను కూడా వదిలెయ్యరు. నువ్వు లోపలికి వెళ్ళు. నువ్వు కళ్ళు తెరిచేసరికి నీ చెయ్యి నా చేతిలో ఉంటుంది."

మెట్లమీద ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఇంజినీరే అయి ఉంటాడు. చీకట్లో నేను కూడా ఏదో చేశాను గానీ, చూసినవారు లేరు కాబట్టి ఒప్పుకోను.

ఫోనులో చాలాసేపటికి సరేనే అని వినిపించింది. కట్ అయింది.

"పదండి బాబూ," అన్నారు అత్తగారు. కుర్చీ లేచింది. వెళుతూ వెళుతూ మా ఆవిడ తలుపు దగ్గర ఆగి, ఏమండీ, భయపడకండి, మెకానిక్‌కు కబురు పెడతాను అంది. అడుగుల చప్పుడు కిందికి, ఇంకా కిందికి వెళ్ళి ఆగిపోయింది. టాక్సీ తలుపు పడ్డ చప్పుడు విన్నట్టే అనిపించింది.

తరవాత ఏమైందంటే, అన్నీ బాగానే అయ్యాయి. అత్తగారు కళ్ళజోడు లేకుండానే ఆసుపత్రి చేరారు. కళ్ళజోడున్న సంచి నా దగ్గరే ఉంది మరి! ఆపరేషను గది బయట మా ఆవిడ, డ్రిల్లు మాస్టారు అత్తగారికి చెరోపక్క కూర్చున్నారట. చిన్నత్తగారు మత్తులోంచి కళ్ళు తెరిచేసరికి చెయ్యి చేతిలోనే ఉందట. నన్ను బయటికి తీసింది మధ్యాహ్నం. ఈలోగా అత్తగారి సంచిలోని బిస్కట్లు తిన్నాను. పొట్లమంతా.

తరవాతి మీటింగుకు మునుపెన్నడూ లేనంతమంది వచ్చారు. జనరేటర్ విషయం నేను చదవడం పూర్తయ్యేలోపే తేలిపోయింది. లిఫ్టు వాటా నాకూ వేయండి అని మాస్టారే లేచి అన్నారు. తోట వాటా మాకూ వేయండి అని పైవారు అన్నారు. సబ్‌కమిటీ ఒక్కసారి కూడా కలవకుండానే కీర్తిశేషురాలైంది. రాజీనామా చేస్తాను, వద్దని బతిమాలతారేమో చూద్దామని నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా అందరూ నర్సమ్మను కుర్చీలో ఎత్తి దించినట్టు నటించి నవ్వుకుంటున్నారు. ఎవరూ వినలేదు. కాబట్టి ఇంకా నేనే సెక్రటరీని.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయినా ఎవరికీ తెలియదు. లైటు ఒకసారి రెప్ప వేసి తెరుస్తుంది, అంతే. తలుపులు మూసుకుని ఉంటాయి. కుళాయిల్లో నీళ్ళు, ఫోన్లలో చార్జింగు, గ్రూపులో తిట్లు, అన్నీ నిండుగా ఉన్నాయి. ఇంతకంటే ఏం కావాలి?

నిన్న సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి లిఫ్టు ఎక్కాను. మూసుకోబోతున్న తలుపుల్లోంచి ఎదురు ఫ్లాటు ఇంజినీరు కూడా లోపలికి వచ్చాడు. మా అత్తగారిని మోసిన భుజం బెణికి, కొన్నాళ్ళు చేతికి పట్టీ కట్టుకుని తిరిగాడని మా ఆవిడ చెప్పింది. ఇప్పుడెలా ఉందని అడగాలి. చిన్నత్తయ్యగారు నడుస్తున్నారని చెప్పాలి. ఒకరోజు మా ఇంటికి కాఫీకి రమ్మనాలి. అతని చెవులమీద హెడ్‌ఫోన్స్ కూడా లేవు.

నేను తలెత్తి, మారుతున్న అంకెలవైపు చూశాను. అతను కూడా తలెత్తి అంకెలవైపే చూశాడు. మూడు, నాలుగు, అయిదు. నేను గొంతు సవరించుకున్నాను. అతను ఏమిటన్నట్టు చూశాడు. ఏమీ లేదన్నట్టు దగ్గాను. ఎనిమిది వచ్చింది. ఇద్దరం దిగాం. ఎవరి తలుపు వాళ్ళం తీసుకున్నాం.

రాత్రంతా ఆలోచించి, సెక్రటరీ హోదాలో పొద్దున్నే మెకానిక్‌కు ఫోను చేశాను. లిఫ్టు మరీ తొందరగా పైకి వచ్చేస్తోంది, కాస్త నెమ్మది చేయడానికి వీలవుతుందా అని అడిగాను.